చీటీకి అడ్డం నిలబడ్డ మాస్టారు

మా హాస్టల్‌కు వార్డెన్‌గా ఉండిన ఇంగ్లీషు మాస్టారు పోయిన ఆదివారం వేటపాలెంలోని తమ ఇంట్లో, చర్చికి బయలుదేరుతూ కన్నుమూశారు. గుంటూరులో మా కాలేజీ జరిపిన సంతాప సభలో వక్తలందరూ ఆయన్ని సాధుస్వభావి అన్నారు. నేను విభేదిస్తున్నాను. ఆయనంత మొండిగా వాదించే మనిషిని నేను చూడలేదు.

చర్చా పోటీలకు మాకు తర్ఫీదునిచ్చింది ఆయనే. గెలిచినవాణ్ని వెంటనే లేపి, ఓడినవాడి పక్షాన మాట్లాడమనేవారు. తడబడితే, "కూర్చోవయ్యా. నువ్వు గెలవలేదు, అరిచావంతే" అనేవారు. మెస్సులో మాతోనే కూర్చుని, పెరుగన్నంలో కూడా గోంగూర పచ్చడి కలుపుకునేవారు. కళ్లవెంట నీళ్లు కారుతున్నా, "కారమెక్కడుందిరా ఇందులో?" అని దబాయించేవారు.

నా ఆఖరి సంవత్సరంలో కాలేజీ ఫిల్మ్ క్లబ్బు ఒక పాత విదేశీ చిత్రం వేసింది. తిమింగిలాల వేటకు వెళ్లి ఓడ పగిలిన నావికుల కథ అది. నడిసముద్రంలో, చిన్న పడవలో వాళ్లకు తిండి అయిపోతుంది. మొదట చనిపోయినవారిని తింటారు. తరువాత ఎవరు చావాలో తేల్చడానికి చీటీలు వేస్తారు. బతికి ఒడ్డు చేరినవాళ్లు చివరికి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోతారు.

ప్రదర్శన తరువాతి చర్చలో నేను చెలరేగిపోయాను. "అంతరాత్మ కడుపు నిండినవాడి విలాసం. అందరూ చచ్చే బదులు ఒకడు చావడం మేలు. చీటీలో మోసం లేనప్పుడు ఇక అన్యాయమెక్కడ?" అన్నాను. మాస్టారు ఒక్కటే అడిగారు: "చీటీ వేద్దామన్నప్పుడే ఒకణ్ని చంపడానికి అందరూ ఒప్పుకున్నారు గదయ్యా. ఆ ఒప్పుకోలు సంగతేంటి?" ఏదో జవాబు చెప్పాను. చప్పట్లు నాకే పడ్డాయి.

ఆ నెలలోనే మెస్సులో గొడవ జరిగింది. అన్నంలో పురుగులు వచ్చాయని సాంబారు గుండిగలు బోర్లించాం. తోపులాటలో కిటికీ అద్దాలు పగిలాయి. పగలగొట్టినవాణ్ని పరీక్ష రాయనివ్వనని, వాడి పేరు చెప్పకపోతే ఎవరికీ హాల్ టికెట్లు ఇవ్వనని అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఎవరి చేయి తగిలిందో మాకే తెలియదు. సినిమా చూసినవాళ్లం కదా, నేరం ఎవరు నెత్తిన వేసుకోవాలో తేల్చడానికి చీటీలు వేశాం. నా పేరు వచ్చింది.

"ఏరా లీడరూ, నీ సిద్ధాంతం నిన్నే మింగిందే!" అన్నాడు నా రూమ్మేటు. ఎవరూ నవ్వలేదు. పర్చూరులో పొగాకు పనికి కూలికి వెళ్లే మా అమ్మ నా డిగ్రీ కోసం ఎదురుచూస్తోంది. అయినా మాట తప్పడం నా వల్ల కాదు గనుక ప్రిన్సిపాల్ గది వైపు నడిచాను. వరండాలో మాస్టారు అడ్డం నిలబడ్డారు.

"ఎక్కడికయ్యా?"

"చీటీ నాకు వచ్చిందండి. నేను ఒప్పుకున్నాను."

"నువ్వు ఒప్పుకున్నావు, సరే. నిన్ను తినడానికి నేను ఒప్పుకోలేదుగా!"

నా వెనకే వస్తున్నవాళ్ల వైపు తిరిగి, "ఒరేయ్, ఇదేమన్నా సముద్రమా? కాళ్లకింద నేలుంది. నిలబడ్డానికేం రోగంరా మీకు?" అని కసిరి, అందర్నీ వెంటబెట్టుకుని లోపలికి వెళ్లారు. "మెస్సు నా బాధ్యతండి. పేరు కావాలంటే ముందు నాది రాసుకోండి, తరువాత వీళ్లందరివీ రాసుకోండి" అన్నారు. వాదన చాలాసేపు సాగింది. ఆయన ఒక్క మెట్టు కూడా దిగలేదు.

హాల్ టికెట్లు అందరికీ వచ్చాయి. ఆయన వార్డెన్ పదవి పోయింది. క్వార్టర్సు ఖాళీ చేసి వేటపాలెం నుంచి రైల్లో వచ్చిపోయేవారు. మేం బాధపడితే, "బతకొద్దని ఎవరన్నారయ్యా? బతికాక పక్కవాడి ముఖం చూడగలగాలి" అన్నారు.

ఆ నావికుల మీద తీర్పు చెప్పే హక్కు కడుపు నిండినవారికి లేదని నేను ఇప్పటికీ వాదిస్తాను. కానీ చీటీకి ఒప్పుకునే ముందు మిగిలిన దారులన్నీ వెతికారా అన్నదే ఆనాటి ఆయన ప్రశ్నలోని అసలు సంగతి. అక్కడ నేను ఓడిపోయాను. ఆ ఓటమి వల్లనే పరీక్ష రాయగలిగాను.

చివరి పరీక్షకు మా హాలులో ఇన్విజిలేటరు ఆయనే. అదనపు కాగితం కోసం లేచి నిలబడ్డాను. తెచ్చి ఇచ్చారు. దాన్ని జవాబు పత్రానికి కలిపి కట్టే దారం నాకు ముడి పడకపోతే వంగి తానే కట్టారు. ఫ్యాను గాలికి లేస్తున్న కాగితాల మీద అరచేయి ఆనించి, నేను రాయడం మొదలుపెట్టేదాకా అక్కడే నిలబడ్డారు.