దేవవ్వ నాలుక, కొత్త ఉప్పు

పొద్దున తొమ్మిది కొట్టేసరికి యేసమ్మ నలుగురు పిల్లలకు నీళ్లు పోసేసింది. ఐదో పిల్ల దేవవ్వ మనుమరాలు, ఏడు నెలలది. యేసమ్మ కాళ్లు చాపి, పిల్లను బోర్లా వేసుకుని చెంబెత్తిందో లేదో, అది మెడ తిప్పి కారే నీళ్లను నాలుకతో అందుకోసాగింది. నాలుగు రోజులుగా ఇదే వరస. పాలు తాగినా దాహమే, పొద్దంతా ఏడుపే. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు.

యేసమ్మకు కారణం తెలుసు, చెప్పే దారే తెలియదు. బోధన్‌లో ఇంటింటికీ తిరిగి పసిపిల్లలకు నీళ్లు పోయడం ఆమె బతుకుతెరువు. ఏడాది నిండేదాకా తిండిలో ఉప్పు కలపొద్దని, లేత మూత్రపిండాలు దాన్ని మోయలేవని మిషన్ దవాఖానా నర్సు ఆమెకు చెప్పింది. ఆ ముక్క రెండేళ్ల కిందట, 1963లో, ఒక ఇంట్లో అన్నందుకు, ఆ ఇంటి అవ్వ మర్నాటి నుంచి గడప తొక్కొద్దన్నది.

దేవవ్వ అంతకంటే గట్టిది. జావలో దొడ్డుప్పు వేసి, వేలితో నాకి, చాలలేదనిపిస్తే మళ్లీ వేసేది. ఉప్పు తినని పిల్లకు రేపు పౌరుషం ఎక్కడినుంచి వస్తుందని అడిగేది. కోడలు నోరెత్తేది కాదు. చిక్కంతా ఆ నాలుకతోనే. ముప్పై ఏళ్లుగా సున్నం కలిపిన తంబాకు దాని మీద కాపురముంటోంది. యేసమ్మ తానే రుచి చూద్దామన్నా, నీళ్లు పోసే మనిషికి పెరడు దాటి వంటింట్లోకి పోయే హక్కు లేదు.

అప్పుడే దేవవ్వ కొడుకు రాజలింగు చక్కెర ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చాడు. అతణ్ని చూడగానే, పిల్ల ఒళ్లు తుడుస్తున్న యేసమ్మ నోట అప్పటికప్పుడు ఒక ఆచారం పుట్టింది. ఏడుపు మానని పిల్ల గిన్నెలోంచి ముందు తండ్రి మూడు గుక్కలు తాగాలట, నందిపేట్ వైపు అందరూ చేస్తారట. ఆచారమంటే చాలు, దేవవ్వ కాదనదు. గిన్నె తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

రాజలింగు మొదటి గుక్కకే ఆగిపోయాడు. తల్లి ఎదురుగా ఉంది కాబట్టి మింగాడు. కుండ దగ్గరికి పోయి రెండు చెంబుల నీళ్లు తాగాడు.

"అవ్వా, గిది పిల్లకు కాసినవా, మామిడి తొక్కుకు కలిపినవా?"

"నేను సూసిన గదరా. సప్పగనే ఉన్నది."

"తంబాకు ఉమిసి, నోరు కడుక్కొని సూడవ్వా," అన్నది యేసమ్మ తలెత్తకుండా.

దేవవ్వ గోడవతలికి ఉమిసింది. పుక్కిలించింది. వేలు ముంచి నాకింది. మళ్లీ ముంచి నాకింది.

"గీ ఉప్పే మంచిది గాదు," అన్నది చివరికి. "మొన్న సంతల తెచ్చిన కొత్తది. ఘాటెక్కువ."

యేసమ్మకు కావలసింది దొరికింది.

"నిజమే అవ్వా. గీ కాలపు ఉప్పు పెద్దోళ్లే ఓర్వరు. ఏడాది నిండెదాక పిల్లకు అసలే ఎయ్యకు. పౌరుషానికేం తక్కువ, నీ మనుమరాలు గద."

దేవవ్వ ఆ పొగడ్తను తంబాకులాగే దవడన పెట్టుకుంది. మూడు రోజుల్లో పిల్ల ఏడుపు సద్దుమణిగింది. వారం తిరిగేసరికి దేవవ్వ వాడంతా తిరిగి, ఈ కాలపు ఉప్పు పసిపిల్లలకు పడదని, ఆ సంగతి కనిపెట్టింది తానేనని చెప్పుకొచ్చింది. సంతలో ఉప్పు అమ్మేవాడు, ఇల్లిల్లూ తిరిగే మనిషి కదాని యేసమ్మను ఆపి తన సరుకుకు ఏం రోగమొచ్చిందని నిలదీశాడు. పిల్లలకు నీళ్లు పోసేదాన్ని, ఉప్పు సంగతి నాకేం ఎరుకన్నది ఆమె.

ఆ ఎండాకాలం ఆ వాడలో చప్పిడి జావ తాగి పెరిగిన పిల్లలు ఏడుగురు.