బంధుగాం సంతలో ఖరషో

మా సుందరరావు మావయ్య నేలచూపుల మనిషి. సిగ్గుతోనో అవమానంతోనో కాదు. నేలమీద మేకు, మర, తీగముక్క, ఏది కనిపించినా సరే, వంగి ఏరి జేబులో వేసుకోకుండా అడుగు ముందుకు వెయ్యలేడు. ఒడిశాలోని మా బంధుగాంలో ఆయన మొహం కన్నా నడినెత్తి ఎక్కువమందికి తెలుసు. ఎదురుపడి దండం పెడితే మన చెప్పులు చూసి పేరు పెట్టి పలకరిస్తాడు. నేను కొత్త చెప్పులు కొన్న రోజున "ఎవరు బాబూ తవరు?" అన్నాడు.

మా అమ్మ వైపు తాతయ్య విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ ఉప్పు, ఉల్లిపాయల హోల్‌సేలు కొట్టు పెట్టాడు. ఇప్పుడది నేను చూస్తున్నాను. ఆ కొట్లో కూర్చోమంటే కూర్చోకుండా ఎయిర్‌ఫోర్సులో మెకానిక్కుగా చేరినవాడు మా మొత్తం కుటుంబంలో మావయ్య ఒక్కడే. కుర్రతనంలో ఆయన్ని సోవియట్ దేశానికి పంపారు. కజకిస్తాన్ గడ్డి మైదానాల నడుమ అక్కడి సైన్యానికో శిక్షణ ఏరోడ్రోం ఉండేదట. అక్కడ మిగ్ విమానాల గురించి ఆయనేం నేర్చుకున్నాడో మాకెవరికీ తెలియదు. రన్‌వే ఏరడం గురించి మాత్రం మా వీధిలో పాకే పిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలుసు. పొద్దున్నే మొదటి విమానం లేవకముందు కమాండరు మొదలు వంటవాడి దాకా అందరూ భుజం భుజం ఆనించి వరసగా నిలబడాలి. తలలు దించి ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలి. చిన్న మర ఇంజనులోకి దూరిందంటే విమానమూ దక్కదు, మనిషీ దక్కడు. అంతా ఏరాక కమాండరు "ఖరషో" అంటాడు. వాళ్ళ భాషలో బాగుందని అర్థం. ఆ మాట పడ్డాకే విమానం కదుల్తుంది.

ఆ మాటను మావయ్య మహా పిసినారిగా వాడతాడు. రోజారమణి అత్తయ్య పనసపొట్టు కూర వండితే రాయగడ నుంచి కూడా చుట్టాలు దిగుతారు. ఆయన మాత్రం "పరవానేదు" అంటాడు. ఇన్నేళ్ళ కాపరంలో తనకా ఒక్క ముక్క దక్కలేదని అత్తయ్య ఫిర్యాదు. దక్కిందల్లా ఆయన జేబులే. ఖాళీ చెయ్యకుండా ఒకసారి చొక్కాను వాషింగ్ మెషీనులో వేస్తే, అది చేసిన మోతకు పక్కింటివాళ్ళు భూకంపమనుకుని బయటికి పరిగెత్తారు.

మా చెల్లెలు బిందుశ్రీ పెళ్ళి జేకేపూర్ కాలనీలో జరిగింది. మగపెళ్ళివారు బ్యాండుతో వచ్చేసరికి పందిరి ముందు మావయ్య చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. పందిరివాళ్ళు మేకులు పారేసి పోయారు, పెళ్ళికొడుకు ఇప్పుడు చెప్పులు విప్పుతాడు, కాబట్టి ఏరందే లోపలికి రానివ్వనన్నాడు. ముహూర్తం తరుముకొస్తోంది. చేసేదిలేక వియ్యంకుడు, పురోహితుడు, సన్నాయి మేళం, బాసికం కట్టుకున్న పెళ్ళికొడుకు అందరూ ఒకే వరసలో తలలు దించి నడిచారు. ఆవేళ దించిన తల మళ్ళీ ఎత్తలేదని మా బావ ఇప్పటికీ అంటూ ఉంటాడు.

ఆటపట్టించేవాళ్ళకు ఆయన దగ్గర జవాబు సిద్ధం. సంత వేలం పాడుకున్న బిశ్వజిత్ బాబు ఒకసారి టీకొట్టు దగ్గర పట్టుకున్నాడు. ఆ సోవియట్ దేశం ఎప్పుడో పోయింది, ఆ ఏరోడ్రోంలో ఇప్పుడు గొర్రెలు మేస్తుంటాయి, ఇంకా ఎవరి కోసం మౌసా ఈ ఏరుడు అని ఒడియా వరస కలిపి నవ్వాడు. మావయ్య బెంచీ కింద నుంచి తీగముక్క తీసుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

"దేసం పోయింది బాబూ. మేకులు పోనేదు గదా."

పోయిన నెల సంత మైదానంలో ఏదో సభ జరిగింది. సాయంత్రానికల్లా పందిరి విప్పి కర్రలు, గుడ్డలు పట్టుకుపోయారు. మేకులు, తీగలు మాత్రం ఎక్కడివక్కడే వదిలేశారు. మర్నాడే సంత. తెల్లారి నేను ఉల్లిపాయల వ్యానుతో వెళ్ళేసరికి మైదానం గేటుకు సైకిలు అడ్డం పెట్టి, దాని పక్కన మావయ్య మఠం వేసుకుని కూర్చున్నాడు. ఇది ఒక్కడివల్ల అయ్యే పని కాదట. వ్యాపారులందరూ వరసలో నడిచి ఏరితేనే సంతట.

నా వెనక వ్యాన్లు నిలిచిపోయాయి. టమాటాల సోములు శాపనార్థాలు మొదలెట్టాడు. బిశ్వజిత్ బాబు బైకు మీద వచ్చి మొదట నవ్వాడు, తర్వాత బతిమాలాడు, ఆఖరికి పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

"పిలు బాబూ. పదిమందొస్తే పని తొరగా అవుద్ది," అన్నాడు మావయ్య.

నాకు తల కొట్టేసినట్టయింది. మేనల్లుణ్ణి కదా, అందరూ నన్నే చూస్తున్నారు. దగ్గరికెళ్ళి, లెగు మావయ్యా, నలుగురూ నవ్వుతున్నారు అన్నాను.

"నవ్వనీరా సాయిరాం. నవ్వు కాల్లో దిగదు."

ఓపిక నశించిన బిశ్వజిత్ బాబు సైకిలు పక్కకు లాగేసి గేటు బార్లా తెరిచాడు. మేం లోపలికి వెళ్ళి బస్తాలు దించుకున్నాం, కాటాలు సర్దుకున్నాం. సంత మాత్రం మొదలవలేదు. అల్లం, పసుపు, గుమ్మడికాయలు తలమీద పెట్టుకుని కొండల్నుంచి దిగిన ఆడవాళ్ళు రోడ్డు అంచునే ఆగిపోయారు. వాళ్ళు అమ్మితేనే మేం కొనేది, ఆ డబ్బుతోనే వాళ్ళు మా ఉప్పూ ఉల్లీ కొనేది. వాళ్ళు రానిదే మాకు బేరం లేదు. ఒక్కరి కాళ్ళకూ చెప్పుల్లేవు. బిశ్వజిత్ బాబు ఒడియాలో పిలిచాడు, వాళ్ళ కొండభాష దేశియాలో పిలిచాడు. ఎవరూ కదల్లేదు. ముందున్న ముసలామె పేరు దైమతి. ఆమె గంపైనా దించకుండా మావయ్యను ఒకే ఒక్క మాట అడిగింది.

"ఖరషో?"

మావయ్య తల అడ్డంగా ఊపాడు. ఆడవాళ్ళు ఉన్నచోటే ఉన్నారు.

ఆ మాట నీకెక్కడిదని నేను దైమతిని అడిగాను. ఒక వానాకాలం ఈ సంతలోనే మేకు దిగి ఆమె కాలు వాచిపోతే, ఈ బాబే సైకిలెక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడట. అప్పట్నుంచి ప్రతి సంతకీ మా వ్యాన్లు రాకముందే వచ్చి, సైకిలుకు కట్టిన పాత లౌడుస్పీకరు అయస్కాంతాన్ని మైదానమంతా ఈడ్చి, రోడ్డు మీద వాళ్ళకు ఎదురెళ్ళి ఆ మాట చెబుతాడట.

"బాబు ఆ మాటంటే కాలెడతాం. అననప్పుడు ఎట్టం," అంది దైమతి.

మా చెప్పులు చూసి పలకరిస్తాడని ఇన్నాళ్ళూ నవ్వుకున్నాం. మావయ్య చూపంతా చెప్పుల్లేని పాదాల మీదే ఉందని మాకెవరికీ తట్టలేదు. నాకు చెప్పలేనంత గర్వం కలిగింది. కాటా వదిలేసి వెళ్ళి ఆయన పక్కన భుజం ఆనించి నిలబడ్డాను. సోములు వచ్చాడు. ఒక్కొక్కరే మిగతావాళ్ళూ వచ్చారు. అందరికన్నా ఆఖర్న బిశ్వజిత్ బాబు ప్యాంటు మడుచుకుని వచ్చాడు. తలలు దించి నడిచాం. తలెత్తినవాడి మీద మావయ్య కేకలేశాడు. అవతలి గట్టు చేరేసరికి బిశ్వజిత్ బాబు హెల్మెట్ నిండా మేకులే.

మావయ్య మైదానం మొత్తం ఓసారి కలియచూసి మా వరస వైపు వచ్చాడు. ఆ మాట ఇవాళైనా మాకు దక్కుతుందని అందరం నిటారుగా నిలబడ్డాం. ఆయన మమ్మల్ని దాటుకుని రోడ్డు దాకా వెళ్ళి, దైమతి ముందు ఆగి "ఖరషో" అన్నాడు. గంపలన్నీ ఒక్కసారి కదిలాయి.

మరి మాకేదీ మౌసా అని బిశ్వజిత్ బాబు వెనకాలే వెళ్ళి అడిగాడు.

"పరవానేదు," అన్నాడు మావయ్య, బిశ్వజిత్ బాబు బూటు పక్కన మిగిలిపోయిన మేకును వంగి తీస్తూ.