సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్‌లో నా చేతిరాత

2022. మస్కట్, బౌషర్‌లో ఒక ఇండియన్ స్కూలు. నేను లెక్కల మాస్టారిని, పైగా టైమ్‌టేబుల్ ఇన్‌చార్జిని. ఎవరైనా టీచరు సెలవు పెడితే, ఆ పీరియడ్‌లో ఖాళీగా ఉన్న మరొకరిని ఆ క్లాసుకు పంపాలి. దాన్నే సబ్‌స్టిట్యూషన్ అంటారు. పొద్దున్నే రిజిస్టర్‌లో పేరు రాసి, ఆయా చేత పంపి సంతకం తెప్పించుకునేవాణ్ణి. స్కూలంతా నా పెన్ను మీదే నడిచేదంటే నమ్మండి.

మే నెలలో ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో యుద్ధం జరిగింది. నలభై మంది రెండు వర్గాలుగా చీలిపోయారు. నేను మధ్యలో నిలబడి, గంటసేపు మాట్లాడి శాంతింపజేశాను.

సరే, నిజం చెబుతాను. గొడవపడింది ఇద్దరే. నేను మాట్లాడింది ఒక్క ముక్క, అదీ పనికిరానిది.

నసీమా కడప ఆవిడ, సైన్సు టీచరు. ఆ రోజు తనకు కుదరదని రిజిస్టర్ తిప్పి పంపింది. నేను ఆ పేరు కొట్టేసి సరళ పేరు రాశాను. సరళది కరీంనగర్, ఇంగ్లీషు చెబుతుంది. కాదనకుండా సంతకం పెట్టి ఐదో తరగతికి వెళ్లింది. నీళ్లు తాగొస్తానన్న పాప మీద కిటికీలు అదిరేలా అరిచింది. తిరిగొచ్చి నసీమా ముందు నిలబడింది.

"నీకే రెస్టు కావాల్నా అక్కా? నేనేమన్న మిషన్‌నా?"

"నాకు కుదరదంటి. నువ్వూ అట్లనే అనుండొచ్చు గదమ్మే!"

"అట్ల అనొస్తే ఇదెందుకు రాస్త?" సరళ రాజీనామా కాగితం నా బల్ల మీద పెట్టింది. "ఆ పిల్ల ఏడుస్తుంటె నాకు జాలి గూడ రాలే సార్. ఇగ నేను టీచర్‌గ పనికిరాను."

"ఓపిక పట్టాలమ్మా, మనది సేవ" అన్నాను పెద్దరికంగా.

నసీమా నన్నొకసారి చూసి, రిజిస్టర్ లాక్కుని పేజీలు తిప్పింది. సరళ. సరళ. మళ్లీ సరళ.

"ఈ రాత ఎవురిది సార్?"

నాదే. మిగతావాళ్ల దగ్గరికి రిజిస్టర్ పంపితే వాదన తిరిగొచ్చేది. సరళ దగ్గరికి పంపితే సంతకం వచ్చేది. నా బద్ధకానికి నేను పెట్టుకున్న పేరు, 'సరళ మంచి టీచరు'.

"ఈ కాగితం ప్రిన్సిపాల్‌కు ఎప్పుడిస్తావమ్మా?" అని సరళను అడిగాను.

"గురువారం సార్."

"అందాకా నీ ఖాళీ పీరియడ్లు నీవే."

మర్నాడు నా పేరే రాసుకుని ఐదో తరగతికి వెళ్లాను. పిల్లలు నా మాట విని బుద్ధిగా కూర్చున్నారు. కాదు, నన్ను ఓ ఆట ఆడుకున్నారు. అదే పీరియడ్‌లో సరళ ఆ పాపను బయటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని సారీ చెప్పింది. గురువారం వచ్చి కాగితం వెనక్కి తీసుకుంది. చించలేదు, బ్యాగులో పెట్టుకుంది.

ఆ తర్వాత అందరికీ వంతులు వేసి, పట్టిక గోడకు అంటించాను. సేవాభావం గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చానో గాని, కాదనలేని మనిషికి పని ఆపాల్సింది పని రాసేవాడేనని ఆ రిజిస్టరే నేర్పింది.

జూన్‌లో ఒకరోజు పాత అలవాటుతో మళ్లీ సరళ పేరే రాశాను. రిజిస్టర్ సంతకం లేకుండా తిరిగొచ్చింది.

"సరళ మేడం ఏమంది?" అని ఆయాను అడిగాను.

"ఈరోజు తన వంతు కాదంట సార్. పట్టిక చూసుకోమంది."

నాకు వెంటనే సంతోషం కలిగింది. వెంటనే అన్నది అబద్ధం. ముందు కోపమే వచ్చింది.