చెప్పుకు జానెడు ఇవతల

నాన్న ప్రభుత్వ జీపు డ్రైవరు. ఆయన లెక్కలో బ్రేకు వేయడం పాదానికి రావాల్సిన విద్య, కాలేజీకి కాదు. డాలీగంజ్‌లోని మా ఇంటి నుంచి హాడోలో నా కొత్త ఉద్యోగానికి వెళ్లడానికి స్కూటర్ అడిగితే ఒక్క షరతు పెట్టారు.

"ముప్పై స్పీడులో వస్తూ బ్రేకేస్తే ఎంత దూరంలో ఆగుతావో ముందే చెప్పు. ఆ లోపల ఆగితే తాళం నీది."

డిప్లొమా నాటి ప్రోగ్రామబుల్ క్యాలిక్యులేటర్ తీశాను. వేగం, నేను తేరుకోవడానికి ఒక సెకను, తడి రోడ్డు పట్టు, అన్నీ ఎక్కించాను. పదిహేనున్నర మీటర్లంది. పక్కింటి ఆటో భయ్యా నాన్న నిలబడ్డ చోటి నుంచి అంత దూరం కొలిచి గుర్తుగా తన చెప్పు పెట్టాడు. ముప్పైలో వస్తూ, నాన్న తువ్వాలు ఊపగానే బ్రేకు వేశాను. స్కూటర్ చెప్పు మీదుగా వెళ్లి అవతల ఆగింది.

"దీదీ, నీ మిషన్ నా చెప్పుని తొక్కేసింది," అన్నాడు భయ్యా.

"ఏటమ్మా, ఈ ఊళ్లో చదును రోడ్డు ఎక్కడుంది?" అన్నారు నాన్న.

నిజమే. నా సూత్రం చదును రోడ్డుది. మా దీవిలో చదునుగా ఉండేది సముద్రం ఒక్కటే, అదీ వాతావరణం బాగుంటేనే. టేపుతో వాలు కొలిస్తే పది మీటర్లకు ఒక మీటరు దిగుతోంది. ప్రోగ్రాంలో ఒక లైను చేర్చాను. ఈసారి పదిహేడు మీటర్ల పైచిలుకు వచ్చింది. భయ్యా రెండో చెప్పు కూడా త్యాగం చేశాడు.

మళ్లీ తువ్వాలు ఊగింది. స్కూటర్ చెప్పుకు ఇవతలే ఆగింది. నాన్న వంగి ఆ ఖాళీని చేత్తో కొలిచారు. సరిగ్గా జానెడు. స్కూటర్‌కి వేలాడుతున్న గుత్తిలోంచి తన జీపు తాళం మాత్రం తీసుకుని, స్కూటర్ తాళం దానికే వదిలేశారు.

"రేపు నా జీపుకీ లెక్క కట్టు," అన్నారు మెల్లగా. "స్టాండులో డ్రైవర్లెవరికీ చెప్పకు."