మా అమ్మాయి చెప్పాలనుకున్న మాట

కుప్పంలో మా అమ్మాయి చదివే కాలేజీకి నేను పోయింది ఒక్కసారే. అది మైకులో మాట్లాడుతుందంటే వినాలని, మదనపల్లెలో టమోటాలు ఏరే పనికి నాగా పెట్టి, పుంగనూరులో బస్సెక్కాను.

ఆ రోజు అక్కడికి ఒక పెద్దమనిషి ఉపన్యాసానికి వచ్చాడు. మాలాంటి కూలోళ్ల పిల్లలకు సీట్లివ్వడం వల్లే చదువు చెడిపోయిందని ఊరూరా చెప్పేవాడట. ఆయన్ను రానివ్వకూడదని కొందరు పిల్లలు గేటుకు అడ్డంగా కూర్చున్నారు. వాళ్లను లేపింది మా అమ్మాయే.

"ఆయప్పను మాట్లాడనీండప్పా. కడాన మైకు నాకిస్తామన్నారు గదా, నేను సెప్తా" అంది.

వాళ్ల సారూ మాటిచ్చాడు. "ఆయన మాట ఆయన చెప్తాడు, నీ మాట నువ్వు చెప్పమ్మా. ఇద్దరికీ న్యాయం."

ఆయన చాలాసేపు మాట్లాడాడు. కలుపు తీసే చేతికి పుస్తకమిస్తే పొలమూ పాడు, పుస్తకమూ పాడు అని నవ్వుతూనే అన్నాడు. ముందు వరసల్లో చప్పట్లు కొట్టారు. నేను చేతులు కొంగులో దాచుకున్నాను.

తర్వాత మా అమ్మాయిని పిలిచారు. మైకు పట్టుకుని, "మా అమ్మ ఈడనే కూర్చోనుండాది" అని మొదలుపెట్టింది. అంతలో సారు శాలువాతో గబగబా వచ్చాడు.

"ఆయనకు టైమైపోయిందమ్మా. ముందు ఇది కప్పు. నీ చేత్తో కప్పితే అందర్నీ కలుపుకున్నట్టుంటుంది."

పిలిచిన మనిషిని శాలువా కప్పకుండా పంపడం మా వైపు ఎక్కడా లేదు. కప్పాలంటే రెండు చేతులూ కావాలి. మైకు ఎవరో అందుకున్నారు. ఫోటోలు తీశారు. ఆయన దండం పెట్టి దిగిపోతే, హాలంతా ఆయన వెనకే లేచింది. మైకు మళ్లీ దాని చేతికి రాలేదు.

బయట, గేటు దగ్గర కూర్చున్న పిల్లల్లో ఒకమ్మాయి అడిగింది, "శాలువా కప్పేదానికా మే, మమ్మల్ని లేపింది?" మా అమ్మాయి తల వంచుకుని నడిచింది.

నాతోపాటే ఇంటికి బయల్దేరింది. పలమనేరు దాటాక ఉండబట్టలేక అడిగాను.

"నాకన్నా సెప్పు పాపా. ఏం సెప్పాలనుకుంటివి?"

"నీకు తెల్సిందే గదా మా. తెలీనోళ్లకు సెప్పాలనుకుంటి" అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.