దిదిమా కాగితంలో ఆ ఒక్క మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా భద్రంగా దాచుకున్న వస్తువు ఒక సర్కారీ కాగితం. అది మా దిదిమా ఇనప పెట్టెలో, పాత చీర మడతల మధ్య ఉండేది. దిదిమా అంటే బెంగాలీలో అమ్మమ్మ. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆమె ఉన్న ఊరు వదిలి, సరిహద్దు దాటి, తనవాళ్లతో రైలెక్కి వచ్చి, కాగజ్‌నగర్ దగ్గర సర్కారు చూపించిన అడవి భూమిలో దిగింది. ఆ ఊళ్లను ఇప్పటికీ అందరూ క్యాంపులనే అంటారు. మా అమ్మ ఆ క్యాంపులోనే పుట్టింది. కరీంనగర్ దిక్కు చేనేత కుటుంబం నుంచి పేపరు మిల్లులో పనికి వచ్చిన మా బాపును పెళ్లి చేసుకుంది. మిల్లు మూతపడ్డాక బాపు దుబాయి వెళ్లాడు. ఇంట్లో అమ్మ, దిదిమా, నేను మిగిలాం.

దిదిమా తెలుగు వింటే కొత్తవాళ్లకు నవ్వొచ్చేది. ఆడా మగా తేడా లేకుండా అందరినీ ఒకేలా అనేది. "మీ అమ్మ సంతకు పోయిండు" అంటే వచ్చినవాళ్లు తికమకపడేవారు. నేను మాత్రం నవ్వేదాన్ని కాదు. పరాయివాళ్ల ముందు నాకు ఏ భాషలోనూ నోరు పెగిలేది కాదు. వచ్చీరాని భాషలోనే అయినా అందరితో గలగలా మాట్లాడే మనిషిని చూసి నేను నవ్వడమేమిటి!

నాకు తొమ్మిదేళ్లు నిండిన ఏడు, బడి సార్లు ఇంటింటికీ తిరిగి మనుషుల లెక్క రాసుకుంటారని ఊళ్లో చాటింపు వేశారు. మర్నాడు నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డాను. పక్కింటి పెద్దమ్మ ఎవరితోనో అంటోంది: "ఈసారి పుట్టిన జాగ గూడ అడుగుతరట. వేరే దేశంల పుట్టినోళ్ల పేర్లు కొట్టేసి, బండెక్కించి వాపస్ తోలుతరట." నన్ను చూసి కన్నుగీటింది. "ఏమే, మీ ముసలామె బట్టలు సర్దుకున్నదా?"

అందరూ నవ్వారు. ఆమె మాకు చెడు కోరే మనిషి కాదు, కూర వండితే గిన్నెతో పంపేది. అయినా నేను సగం బిందెతోనే ఇంటికి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం అమ్మ పొలానికి వెళ్లింది. దిదిమా పెరట్లో కూరగాయ మొక్కలకు నీళ్లు పోస్తోంది. నేను పెట్టె తెరిచి కాగితం తీశాను. టైపు మిషన్ మీద కొట్టిన ఇంగ్లీషు అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. రెండో వరుసలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఎక్కడ నుంచి వచ్చారు అన్నచోట 'తూర్పు పాకిస్తాన్' అని ఉంది. పాకిస్తాన్ అన్న పేరు క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజుల్లో మా బడి పిల్లల నోట ఎలా వినిపించేదో నాకు తెలుసు. ఈ కాగితం సార్ల కంటపడితే దిదిమా ఇక మా ఇంట్లో ఉండదు అనుకున్నాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి, నా తెలుగు వాచకానికి వేసిన అట్ట లోపల దూర్చాను.

రెండు రోజులకు సార్ వచ్చాడు. దగ్గరి ఊళ్లో పంతులు. చెమటలు కారుతుండగా అరుగు మీద కూర్చుని, ఒళ్లో ఫారాలు పరుచుకున్నాడు. బాపు పేరు, అమ్మ పేరు, నా పేరు రాసుకున్నాడు. దిదిమా వంతు వచ్చింది.

"అవ్వా, పుట్టింది యాడ?"

"ఆ దిక్కు సార్. ఇప్పుడు బంగ్లాదేశ్ అంటరు గద, గాడ."

సార్ పెన్ను ఆగింది. ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "కాగితం ఏమన్న ఉన్నదా? ఉంటే చూసి మంచిగ రాస్త. లేదంటే గీ జాగ ఖాళీ ఇడుస్త, తర్వాత మీరే ఆఫీసుల సుట్టు తిరగాలె. పరేషాన్ అయితరు."

"ఉన్నది సార్, ఎందుకుండదు!" అంటూ దిదిమా ధీమాగా లోపలికి వెళ్లింది. నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. చీర మడతలు విప్పింది. లేదు. పెట్టెలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే నేల మీద పెట్టింది. లేదు. విప్పిన చీరనే మళ్లీ దులిపింది. అప్పుడు అర్థమైంది నాకు, నేనేం చేశానో. ఆమెను ఈ దేశం పిలిచి, భూమి ఇచ్చి, ఉండమన్నదని చెప్పే సాక్ష్యం అదొక్కటే. ఆమెను కాపాడబోయి, ఆ ఆధారాన్నే నేను మాయం చేశాను.

దిదిమా తలెత్తి నా ముఖం చూసింది. అలా ఎంతసేపు చూసిందో తెలియదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె లేచి, చెంగుతో చేతులు తుడుచుకుని, బయటికి వినిపించేలా గట్టిగా అంది: "అరె, మర్చిపోయిన సార్! కాగితం మా పిల్లకిచ్చి దాచిపెట్టమన్న. మా ఇంట్ల చదువుకున్నోడు గీ పిల్లే. ఇంక నుంచి కాగితానికి జిమ్మేదార్ గూడ తనే." తర్వాత నా గడ్డం పట్టుకుని మెల్లగా, "తే, మా. నువ్వే చదివి వినిపియ్యి" అంది. బెంగాలీ పెద్దవాళ్లు ఆడపిల్లలను అమ్మా అన్నట్టు 'మా' అని పిలుస్తారు.

వాచకం అట్ట విప్పి కాగితం తీసి, సార్ ముందు నిలబడ్డాను. పరాయి మనిషి ఎదుట అంత గట్టిగా చదవడం నాకదే మొదలు. ఇంటిపెద్ద పేరు చదివాను. రెండో వరుసలో ఆ మాటను మింగేసి కిందికి దూకాను.

"ఆగు," అంది దిదిమా. ఆమెకు చదువు రాదు, కానీ ఆ కాగితంలో ఎక్కడ ఏముందో కంఠతా వచ్చు. "ఒక మాట ఇడిసినవ్. అది గూడ చదువు."

నేను తల అడ్డంగా ఊపాను.

"చదువు, మా. గా మాట లేకుంటే మనకు భూమెందుకు ఇచ్చిండ్రు? ఆడికెళ్లి ఇల్లిడిసి వచ్చినోళ్లమనే ఇచ్చిండ్రు."

చదివాను. సార్ ముఖంలో ఏ మార్పూ లేదు. కింద కుటుంబ సభ్యుల పట్టీ ఉంది. నాలుగో పేరు దిదిమాది. దాని ఎదురుగా వయసు: తొమ్మిది. నేను చదవడం ఆపి ఆమెను చూశాను. నా అంత పిల్ల, ఆ రోజు ఏదో ఒక బల్ల ముందు నిలబడి, వీళ్లు ఉండమంటారా పొమ్మంటారా అని ఎదురుచూసి ఉంటుంది.

దిదిమా అరుగు మీద చతికిలబడి సార్‌కు కథంతా చెప్పింది. అడవి కొట్టి చదును చేయడం, చెరువు తవ్వడం, అందులో చేపలు పెంచడం. మొదటి ఏడు ఎవరో జొన్నలిస్తే బియ్యంలాగా గంజి వార్చి వండారట. ఎంత ఉడికినా నమలలేక పిల్లలంతా ఏడిస్తే, నల్లా దగ్గర నన్ను ఏడిపించిన ఆ పెద్దమ్మ అత్తగారే వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె తట్టడం నేర్పిందట. "గామె రొట్టె నేర్పిండు, నేను గామెకు చేపల పులుసు నేర్పిన" అని దిదిమా నవ్వింది.

సార్ కూడా నవ్వాడు. "మా తాత గూడ వార్ధా నది దాటి ఆ దిక్కుకెళ్లి వచ్చినోడే అవ్వా. గా నది మీద దేశం గీత లేదు, గందుకే నన్నెవ్వలు కాగితం అడుగరు. గంతే ఫరక్." తర్వాత ఒక్కొక్కరి పుట్టిన చోటూ వరుసగా నింపుతూ, "మీ ఇంటికి ఒక్క ఫారం సాలేటట్టు లేదు" అన్నాడు. దిదిమా గడిలో, ఏదీ దాచకుండా, కాగితంలో ఉన్నట్టే రాశాడు.

ఆయన వెళ్లాక దిదిమా నన్నేమీ అడగలేదు. రెండు అరచేతులతో కాగితం ముడతలు సరిచేసి, నా చేతికే ఇచ్చింది.

సాయంత్రం ఫోన్‌లో బాపుకు అంతా చెప్పి ఏడ్చాను. "ఈడ మా రూంల ఒకాయన ముప్పై ఏండ్ల సంది పని చేస్తుండు బిడ్డా. ఎన్ని బిల్డింగులు కట్టినా, వీసా అయిపోతే సంచి పట్టుకుని పోవాల్సిందే. ఈడ మనల్ని పని లెక్కల రాసుకుంటరు, మనుషుల లెక్కల రాసుకోరు. మీ దిదిమాను మన దేశం మనిషి లెక్కల రాసుకున్నది. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ఎవరు ఈ దేశం మనుషులు, ఎవరు కాదు అని టీవీలో గొంతు చించుకునే వాళ్లను ఇప్పుడు రోజూ వింటుంటాను. వాళ్లతో వాదించే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. కానీ కాలేజీలో ఎవరైనా "మీరసలు ఎక్కడోళ్లు?" అని అడిగితే మాత్రం తల దించుకోను. కరీంనగర్ మగ్గాల నుంచి మొదలుపెట్టి తూర్పు పాకిస్తాన్ దాకా ఏ మాటా మింగకుండా చెబుతాను. చెబుతున్నంతసేపూ నా కళ్ల ముందు ఒక తొమ్మిదేళ్ల పిల్ల నిలబడి ఉంటుంది. పేరు తెలియని ఒక గుమాస్తా ఆ పిల్ల పేరు అడిగి, టైపు మిషన్ మీద ఒక్కో అక్షరమే కొట్టి, తన దేశం లెక్కలో కలుపుకున్నాడు. అలా కలుపుకున్న దేశంలో పుట్టానని నాకు గర్వం.