చెంపకు ఆనించిన రాయి

ఏడో తరగతి నన్ను రెండేళ్లు భరించి, చివరికి తనే విసిగి వదిలేసింది. ఆ తర్వాత నన్ను ఓపిగ్గా భరించింది మా ఉస్తాదే. చందానగర్‌లో ఆయన చేసే వెండి ఉంగరాలను, నా నోటి చురుకు చూసి, అమ్ముకురమ్మని నాకిచ్చాడు.

పొదిగే ముందు ప్రతి రాయినీ చెంపకు ఆనించేవాడు. అసలు రాయి చల్లగా ఉంటుంది, గాజు ఇట్టే వెచ్చబడుతుంది.

ఒకరోజు హైటెక్ సిటీలో, కొనడానికొచ్చిన ఐటీ అమ్మాయిల ముందు, "మా ఉస్తాద్ రాళ్లకు ముద్దులు పెడ్తడు!" అన్నాను. పక్కనే ఉన్న ఉస్తాద్ తప్ప అందరూ నవ్వారు. ఆయన మళ్లీ ఏ రాయినీ చెంపకు ఆనించలేదు.

నెల తిరక్కుండానే ఒకామె కొన్న ఉంగరంలో రాయి గాజని తేలింది. ముప్పై ఏళ్ల పేరు పోయింది.

"తప్పయింది ఉస్తాద్, మళ్లా చెంపకు పెట్టి చూడు," అని బతిమాలాను.

"రాళ్లదేమున్నదిరా, మొదలు నిన్ను పెట్టి చూడాల్సుండె," అన్నాడు.